పెద్ద నెగటివు విలువ

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఈ సాయంకాలము చిత్రప్రదర్శనము జరుగుచున్న గదిలో మీరందఱును ఒక పాత కెమెరాను చూచియుందురు. దాని ముందు భాగమున ఒకదానిపై నొకటిగా రెండు కటకములున్నవి. దానిని మెడకు తగిలించుకొని, నడుము నెత్తున పట్టుకొని, తల వంచి పైనుండి లోనికి చూడవలెను. మన తొమ్మిదవ తరగతి విద్యార్థులు దానితో తీసిన పండ్రెండు చిత్రములే అచ్చటి గోడపై నున్నవి. వానిని చూచి వచ్చిన ఒక తండ్రిగారు, "మాస్టారూ, జేబులో ఫోను ఉండగా ఈ బరువు పెట్టెతో పిల్లలకేం పని?" అని నన్నడిగిరి.

ఆ ప్రశ్న న్యాయమైనది. పాఠశాల సొమ్మును, పిల్లల కాలమును ఎట్లు వెచ్చించుచున్నామో అడుగు హక్కు మీకు కలదు. కావున నేటి నా ప్రసంగమునకు ఆ ప్రశ్ననే విషయముగా గైకొనుచున్నాను. ఇట్టి కెమెరాలను జీవనాధారముగా వాడినవారు వానిలో దేనిని అన్నింటికంటె విలువైనదిగా నెంచిరో తెలిసికొన్నచో, సమాధానము తనంత తానే తేలును.

మొదట ఈ కెమెరా ఏ జాతిదో చెప్పెదను. దీనిని మధ్యస్థ పరిమాణపు కెమెరా, అనగా మీడియం ఫార్మాట్ కెమెరా, అందురు. పూర్వపు పెద్ద గాజుపలకల కెమెరాలకును, తరువాత వచ్చిన చిన్న 35 మిల్లీమీటర్ల కెమెరాలకును ఇది నడిమిది. దీనిలో వాడు ఫిల్మునకు 120 అని పేరు. అమెరికాలోని కోడక్ సంస్థ 1901లో తన బ్రౌనీ కెమెరా కొఱకు దీనిని వెలువరించెను. దీని వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు. ఫిల్ము వెనుక నొక కాగితము చుట్టబడి యుండును, దానిపై అంకెలుండును. సాధారణపు కెమెరాలలో వెనుకనున్న ఎఱ్ఱ కిటికీ గుండ ఆ అంకెను చూచి ఫిల్మును త్రిప్పెడివారు. మన దేశమున తయారైన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా మీలో పెద్దలకు జ్ఞాపకముండును. అదియు ఈ ఫిల్మునే వాడినది. చుట్టకు 12 బొమ్మలు వచ్చెడివి. నూఱు సంవత్సరములు దాటినను ఈ చుట్ట కొలత మాఱలేదు. నేటికిని ఇది తయారగుచున్నది. ఒకే చుట్టపై కెమెరానుబట్టి 6 సెంటీమీటర్ల చతురస్రములైనచో 12, ఆఱు ఏడు కొలతవైనచో 10, ఆఱు తొమ్మిది కొలతవైనచో 8 చిత్రములు వచ్చును.

ఇక వృత్తికారులు మొట్టమొదట చెప్పు గుణము నెగటివు పరిమాణము. ఇందులో మాయ యేమియు లేదు. ఎనిమిదవ తరగతి లెక్క చాలును. చిన్న ఫిల్ముపై చిత్రము 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గలది. వైశాల్యము 864 చదరపు మిల్లీమీటర్లు. మన కెమెరాలో చిత్రము నిజమునకు 56 మిల్లీమీటర్ల చతురస్రము. వైశాల్యము 3136 చదరపు మిల్లీమీటర్లు. అనగా మూడున్నర రెట్లకు పైగా అధికము. ఫిల్ముపై చిత్రమును ఏర్పరచు వెండి రేణువులు రెంటిలోను ఒకటే. ఎనిమిది అంగుళముల చతురస్రముగా పటము ముద్రింపవలెనన్నచో చిన్న నెగటివును ఎనిమిదిన్నర రెట్లు సాగదీయవలెను. దీనిని మూడున్నర రెట్లకు కొంచెము మించి సాగదీసిన చాలును. తక్కువ సాగదీసినచోట రేణువులు కంటికి పొడగట్టవు. వెలుగునుండి నీడకు పోవు మెట్లు మృదువుగా నుండును. కంటిరెప్పలు, చీర అంచులోని జరీ విడివిడిగా తెలియును.

మన తరగతి చిత్రమునే ఉదాహరణగా తీసికొందము. పిల్లల వరుస 5.6 మీటర్ల వెడల్పున్నదనుకొందము. మన నెగటివుపై అది నూఱవ వంతుగా పడును. 18 సెంటీమీటర్ల పొడవుగల పిల్లవాని ముఖము 1.8 మిల్లీమీటర్లగును. చిన్న ఫిల్ముపై అదే ముఖము సుమారు 1.2 మిల్లీమీటర్లు మాత్రమే. చూచుటకు ఈ భేదము ఆవగింజంత. కాని ఆ ముఖమును ఎన్నడైన విడదీసి పెద్దది చేయవలసి వచ్చినప్పుడు ఆ ఆవగింజయే ఆధారము. దీనికి సంబంధించిన ఒక అనుభవమును చివర మనవి చేసెదను.

రెండవ గుణము కటకమునకు చెందినది. నెగటివు పెద్దదైనప్పుడు అదే దృశ్యమును పట్టుటకు దీర్ఘమైన కటకము కావలెను. చిన్న కెమెరాకు 50 మిల్లీమీటర్ల కటకము సామాన్యమైనచో, దీనికి 80 మిల్లీమీటర్లది సామాన్యము. అందుచేత ఫోకసు చేసిన వస్తువు స్పష్టముగాను, దాని వెనుకటిది మెత్తగా కరగినట్లును కనబడును. ఒక వ్యక్తి ముఖచిత్రమునకు ఇది వరము. నాలుగు వరుసల పిల్లలను తీయునప్పుడు ఇదియే చిక్కు. అప్పుడు కటకపు ద్వారమును 11 లేక 16 అంకెవఱకు మూసి, కెమెరాను ముక్కాలి స్టాండుపై నిలిపి, పిల్లలను కదలకుండుమని బ్రతిమాలుకొనవలెను. పాత తరగతి చిత్రములలో అందఱును బిగుసుకొని కూర్చుండుటకు క్రమశిక్షణ ఒక్కటే కారణము కాదు!

మూడవ గుణము షట్టరు నమ్మకము. ఇచ్చట స్వీడను దేశపు హాసెల్‌బ్లాడ్ కెమెరా కథ చెప్పదగినది. విక్టర్ హాసెల్‌బ్లాడ్ పక్షులను ప్రేమించి వాని చిత్రములు తీసిన మనిషి. ఆయన రెండవ ప్రపంచయుద్ధ కాలమున తన దేశపు వైమానిక దళమునకు కెమెరాలు చేసి యిచ్చెను. 1948లో ప్రజల కొఱకు తన మొదటి కెమెరాను న్యూయార్కులో ప్రదర్శించెను. సెకండులో 1600వ వంతు కాలమున తెఱచి మూయు షట్టరు దానికుండెను. కాని ఆ వేగవంతమైన షట్టరు సుకుమారమై తఱచు చెడిపోయెను. తరువాతి కెమెరాలో వేగము 1000వ వంతునకు తగ్గెను. 1957లో వచ్చిన 500సీ అను కెమెరాలో అది 500వ వంతునకే దిగెను. వేగము మూడవ వంతునకు తగ్గిన ఆ కెమెరానే ప్రపంచము ఆదరించినది. ఏలన, అందులో షట్టరు కటకములోపలనే రేకులవలె అమర్పబడి, తప్పక పనిచేసెను. పైగా ఫ్లాషు వెలుగును ఏ వేగమునందైనను వాడవచ్చును. తెరవలె జరుగు షట్టరులో అధిక వేగమున సన్నని చీలిక మాత్రమే కదలును గనుక ఫ్లాషు వెలుగు చిత్రములో ఒక పట్టీపై మాత్రమే పడును. రేకుల షట్టరు ఒక్కసారిగా మొత్తము విచ్చుకొనును. పట్టపగలు ఎండలో పెండ్లిపందిరి నీడనున్న వధువు ముఖమును వెలిగింపవలసిన వానికి దీని విలువ తెలియును. గొప్ప చెప్పుకొను వేగముకంటె మాట తప్పని నడక మేలని ఛాయాచిత్రకారులు అనుభవముతో నేర్చుకొన్నారు.

నాలుగవ గుణము విడిభాగముల అమరిక. హాసెల్‌బ్లాడ్ వంటివానిలో నడుమ నొక పెట్టె. దానికి ముందు కటకము, పైన చూపు గాజు, వెనుక మాగజైను అని పిలువబడు ఫిల్ము డబ్బీ. ఏ భాగమునైనను తీసి మఱియొకటి అమర్పవచ్చును. ఫిల్ము సగములో నుండగనే నలుపు తెలుపు డబ్బీని ఊడదీసి రంగుల డబ్బీ పెట్టవచ్చును. ఒక్క చిత్రమైనను చెడదు. దీని ఫలమును లోకమంతయు చూచినది. 1968 డిసెంబరు 24న అపోలో 8 నౌక చంద్రుని చుట్టివచ్చుచుండగా భూగోళము చంద్రుని అంచుపై ఉదయించుట వ్యోమగాములకు కనబడెను. మొదటి చిత్రము నలుపు తెలుపులో తీయబడెను. విలియమ్ ఆండర్స్ వెంటనే రంగుల ఫిల్ము డబ్బీని అడిగి తీసికొని, కెమెరాకు తగిలించి, నీలిరంగు భూమిని చిత్రించెను. ఆ డబ్బీ మార్చుటకు వీలులేకున్నచో, ఆ దృశ్యము మనకు బూడిదరంగులోనే మిగిలియుండును.

ఐదవది చూచు విధానము. మన గదిలోనున్న జంట కటకముల కెమెరాకు పూర్వరూపము రోలీఫ్లెక్స్. జర్మనీలో 1929లో వెలువడినది. పై కటకము చూచుటకు, క్రింది కటకము తీయుటకు. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణిగా పేరొందిన హోమాయ్ వ్యారావాలా సైతము రోలీఫ్లెక్స్‌ను వాడినవారే. ఇందులో దృశ్యము నూరిన గాజుపలకపై పడును. కుడి ఎడమలు తారుమారుగా కనబడును. మొదటి దినమున మన పిల్లలు కెమెరాను కుడివైపునకు త్రిప్పబోయి ఎడమకు త్రిప్పిరి. రెండు వారములకు చేయి కుదిరెను. తల వంచి చూచువాని ముఖము ఎదుటివానికి అడ్డులేక కనబడును. అతడు ఎదుటివానిపై తుపాకి గుఱిపెట్టినట్లుండక, నమస్కరించుచున్నట్లుండును. అందుచేత ఎదుటివాడు బెదరడు. సిగ్గరియైన పిల్లవాని చిత్రము ఈ కెమెరాతో బాగుగా వచ్చుటకు ఇది యొక కారణము.

ఆఱవది మన్నిక. గదిలోనున్న కెమెరాకు బ్యాటరీ లేదు. ఇనుము, గాజు, స్ప్రింగులు, అంతే. దీనిని మన పాఠశాలకు దానమిచ్చిన వృద్ధులు, ఈ ఊరి స్టూడియో యజమానులు, దీనితో ముప్పది సంవత్సరములకు పైగా మన తరగతి చిత్రములను తీసిరి.

దోషములను దాచుట ఉపాధ్యాయునకు తగదు. ఈ కెమెరాలు బరువు. ఫిల్ము ఖరీదు నానాట హెచ్చుచున్నది. పండ్రెండు చిత్రములకే చుట్ట అయిపోవును. పరుగెత్తు పిల్లవానిని పట్టుట కష్టము. హాసెల్‌బ్లాడ్ సంస్థయే ఫిల్మునకై చేసిన ఆ పాత శ్రేణి కెమెరాల తయారీని 2013లో నిలిపివేసెను. నేడు ఈ జాతిలో ఫిల్ము లేని డిజిటల్ కెమెరాలు వచ్చినవి. 2017లో వచ్చిన ఫ్యూజీ కెమెరాలో వెలుగును గ్రహించు పలక 43.8, 32.9 మిల్లీమీటర్ల కొలత గలది. చిన్న ఫిల్ముకంటె సుమారు 1.7 రెట్ల వైశాల్యము. 2019లో వచ్చిన దాని తోబుట్టువు పది కోట్లకు పైగా బిందువులతో చిత్రము నిచ్చును. మంచి ఫోనులో సైతము ఆ పలక వెడల్పు 1 సెంటీమీటరునకు అటునిటుగా నుండును. అయినను వెలుతురున్నచోట ఫోను అందముగానే తీయును. నేను ఫోనునకు శత్రువును కాను. నా మనుమరాలి బొమ్మలన్నియు అందులోనే యున్నవి.

మఱి వీనిలో అన్నింటికంటె విలువైనదేది? పరిమాణమా, కటకమా, షట్టరా? ఈ ప్రశ్నకు నాకు సమాధానము దొరికినది పుస్తకములలో కాదు. మన కార్యాలయపు గదిలో.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినది మీరెవరును మఱువలేదు. ఆ రాత్రి మన బరంపురములో ఎన్నో కప్పులు లేచిపోయినవి. మన కార్యాలయపు కప్పు అందులో నొకటి. తెల్లవారి నేను వచ్చి చూచునప్పటికి గోడలపై నున్న తరగతి చిత్రములన్నియు నీటిలో నాని, అద్దములకు అంటుకొని, పీలికలై యుండెను. బల్లపైనున్న కంప్యూటరు నీటిలో మునిగి పాడైనది. 2006 నుండి 2013 వఱకు మన తరగతి చిత్రములన్నియు డిజిటల్ కెమెరాతో తీసినవే. అవి ఆ కంప్యూటరులోనే యుండెను. వానికి రెండవ ప్రతి తీసి వేఱొకచోట భద్రపఱచు పని నాకు అప్పగింపబడినది. నేడు చేయుదును, రేపు చేయుదును అని నేను దానిని చేయలేదు. ఆ యెనిమిది సంవత్సరముల చిత్రములు పోయినవి. తప్పు యంత్రముది కాదు, నాది. నాటి పిల్లలలో కొందఱు నేడు తల్లిదండ్రులై మీ నడుమ కూర్చుండి యున్నారు. వారికి నేను ఋణపడి యున్నానని ఈ సభలో ఒప్పుకొనుచున్నాను.

అదే గదిలో ఇనుప బీరువా పై అరలో ఒక బిస్కత్తుల డబ్బా యుండెను. స్టూడియో వారు 1968 నుండి 2004 వఱకు తీసిన చిత్రముల నెగటివులను, సంవత్సరమునకొక కాగితపు కవరు చొప్పున, అందులో పెట్టి మనకిచ్చిరి. మూత బిగువుగా నుండుటచే లోనికి చుక్క నీరు పోలేదు. నేడు గోడపై మీరు చూచుచున్న పాత చిత్రములన్నియు ఆ నెగటివులనుండి తిరిగి ముద్రించినవే. 2006 నుండి 2013 వఱకు గల ఎనిమిది చట్రములు మాత్రము ఖాళీగా వ్రేలాడుచున్నవి. అవి మఱచిపోయి పెట్టినవి కావు. నేనే తీయనీయలేదు.

రెండు సంవత్సరముల క్రిందట ఒక వృద్ధురాలు తన మనుమనితో వచ్చి, "మా అన్న ఫొటో ఏదైనా ఉందా బాబూ? ఇక్కడే చదివాడు, పెద్ద పరీక్షలు రాయకుండానే పోయాడు, ఇంట్లో ఒక్క బొమ్మా లేదు" అని అడిగెను. సంవత్సరము చెప్పెను: 1974. కవరు తీసితిని. దాని వెనుక ఆనాటి తరగతి ఉపాధ్యాయులు వరుసల ప్రకారము పిల్లల పేర్లన్నియు తెలుగులో ముత్యములవలె వ్రాసియుండిరి. మనుమడు ఇంజనీరు, బుద్ధిమంతుడు. కవరును వెలుగులో పట్టుకొని చూచి, "నాకు తెలుగు చదవడం రాదండీ" అని తిరిగి ఇచ్చెను. అతని తప్పేమియు లేదు. ఎవరును అతనికి నేర్పలేదు. అక్కడనే సుద్దముక్కల కొఱకు వచ్చిన ఏడవ తరగతి బాలిక ఒకతె ఆ కవరు నందుకొని చదివెను: మూడవ వరుస, ఎడమనుండి ఐదవ పేరు.

నెగటివుపై ఆ ముఖము రెండు మిల్లీమీటర్లు కూడ లేదు. దానిని పోస్టుకార్డంత చేయించితిమి. రేణువులు కనబడెను, నిజమే. కాని నుదుటిపై జుట్టు, పెదవి మూలనున్న నవ్వు, పై గుండీ ఊడిన చొక్కా తెలిసినవి. ఆమె బొమ్మను చాలసేపు చూచి, "ఆ గుండీ నేనే కుట్టాల్సింది" అనెను. మఱేమియు అనలేదు.

ఆ దినమున నాకు తోచినది చెప్పి ముగించెదను. 1969 జులైలో అపోలో 11 యాత్రికులు చంద్రునిపై నడచుచు చిత్రములు తీసినది హాసెల్‌బ్లాడ్ కెమెరాతో. తిరిగివచ్చునప్పుడు నౌకలో బరువు తగ్గింపవలసి వచ్చెను. కెమెరా పెట్టెను, అమూల్యమైన కటకమును అచ్చటనే వదలి, ఫిల్ము డబ్బీలను మాత్రము వెంట తెచ్చిరి. ఛాయాచిత్రకారునకు అన్నింటికంటె విలువైనది ఏది యని అడిగినచో ఇంతకంటె స్పష్టమైన జవాబు లేదు. సరంజామా యంతయు ఆ చిన్న డబ్బీ కొఱకే. నెగటివు పెద్దదిగా, స్పష్టముగా నుండవలెను. అది భద్రముగా ఇల్లు చేరవలెను. దానిపై నున్నదెవరో చదువగలవారు ఇంట నుండవలెను. మూడింటిలో ఏది లేకున్నను మిగిలిన రెండును వ్యర్థము. మొదటిది కెమెరా పని. రెండవది నావంటివారి పని. నేను ఒకమాఱు తప్పితిని. మూడవది మీ పని, మన పాఠశాల పని. 1974 నాటి చిత్రములో నాలుగు వరుసల పిల్లలున్నారు. నేటి తరగతికి రెండు వరుసలు చాలుచున్నవి. ఒడియా మన పిల్లలకు వీధిలోను, ఇంగ్లీషు ఉద్యోగములోను తప్పక కావలెను. వానిని శ్రద్ధగా నేర్పుచున్నాము. వానితోపాటు, ఆ కవరు వెనుకటి వ్రాతను చదువగలుగుటయు వారికి కావలెనని మనవి.

ఇక మూడు విన్నపములు. మొదటిది: ఈ సంవత్సరపు తరగతి చిత్రమును మన పిల్లలే ఆ పాత కెమెరాతోను, డిజిటల్ కెమెరాతోను రెండు విధముల తీయుదురు. ప్రతులు మూడుచోట్ల నుంచబడును. ఈమాఱు ఆ బాధ్యత నాతోపాటు మఱి ఇద్దఱిది. పేర్లు తెలుగులోను, ఒడియాలోను వ్రాయబడును. ఆ దినమున పిల్లలను తప్పక పంపుడు.

రెండవది: మీ ఇండ్లలో పాత నెగటివులున్నచో పాఱవేయకుడు. మన ఊరి తేమ వానికి శత్రువు. అంచులు మాత్రమే పట్టుకొనుడు. ప్లాస్టికు సంచిలో కాక కాగితపు కవరులో పెట్టి, పొడిగా, చల్లగా నున్నచోట ఉంచుడు. పుల్లని వాసన వచ్చినచో ఫిల్ము చెడుట ప్రారంభించినదని గుర్తు. ఆలస్యము చేయక తీసికొని రండు. తెల్లని వెలుగు పలకపై నుంచి ప్రతి తీసి, మీ నెగటివును మీకే తిరిగి ఇచ్చెదము. ఆ పనికి మీ జేబులోని ఫోనే చాలును. అడిగిన తండ్రిగారికి ఇది నా జవాబులో సగము.

మూడవది: 2006 నుండి 2013 వఱకు ఇచ్చట చదివినవారెవరియొద్దనైన ఆనాటి తరగతి చిత్రపు ప్రతి ఉన్నచో, అది ఎంత మాసినదైనను, ఒక్క దినము మాకు అరువిండు. ఎనిమిది చట్రములు గోడపై కాచుకొని యున్నవి.